ఒకినోషిమాకు దండం పెట్టే దారి: మునకత తైషాలో మూడు రోజులు

జపాన్‌లో క్యూషూ తీరానికి 60 కిలోమీటర్ల అవతల, గెంకై సముద్రం నడుమ ఒకినోషిమా ఉంది. చుట్టుకొలత 4 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 244 మీటర్లు. దీవి దీవంతా దేవతదే. అక్కడ ఉండే మనిషి ఒక్కరే, పూజారి. ఆయన 10 రోజుల వంతు ముగించుకుని ఒడ్డుకు వస్తే ఇంకొకరు వెళ్తారు. అక్కడున్నన్నాళ్లూ, ఎంత చలి ఉన్నా, రోజూ పొద్దున్నే బట్టలన్నీ విప్పి సముద్రంలో మునిగి శుద్ధి అయ్యాకే గుడికి ఎక్కాలి. దీవి నుంచి గడ్డిపరక కూడా బయటికి తేకూడదు. అక్కడ చూసిందీ విన్నదీ ఎవరికీ చెప్పకూడదు. అందుకే ఈ తీరం జాలర్లు ఆ దీవిని ‘ఒయివజుసామ’ అనేవారు. నోటితో చెప్పరాని దేవత అని దాని అర్థం.

ఆడవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు. మగవాళ్లకు మాత్రం ఏడాదిలో ఒక్కరోజు, మే 27న, 200 మంది దాకా వీలుండేది. 1905లో రష్యా నౌకాదళంతో జరిగిన త్సుషిమా యుద్ధం ఆ దీవి చేరువలోనే సాగింది, ఆ తేదీ దాని జ్ఞాపకం. 2017లో ఒకినోషిమా, దాని అనుబంధ స్థలాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మరుసటి ఏడాది నుంచి ఆ ఒక్కరోజు అవకాశం కూడా ఆపేశారు. ఇప్పుడు మామూలు భక్తులెవరూ వెళ్లలేరు. శబరిమల చర్చ ఎరిగిన మనవాళ్లకు ఈ నియమాల గురించి చాలా ప్రశ్నలు వస్తాయి. ఇక్కడివాళ్లు చెప్పే కారణాలు కూడా రకరకాలు, సముద్ర ప్రయాణంలోని ప్రమాదం నుంచి మైల పట్టింపు దాకా. యాత్రికులకు అవసరమైన మాట ఒకటి: కింద చెప్పిన గుళ్లన్నిటికీ, దీవికి దూరం నుంచి మొక్కే చోటికీ, ఆడా మగా అందరూ వెళ్లవచ్చు.

మునకత తైషా అంటే ఒక గుడి కాదు, మూడు. నేల మీద, మునకత పట్టణంలోని తాషిమాలో హెత్సుమియ. తీరానికి సుమారు 11 కిలోమీటర్ల దూరాన ఒషిమా దీవిలో నకత్సుమియ. అక్కడి నుంచి ఇంకో 48 కిలోమీటర్ల అవతల ఒకినోషిమాలో ఓకిత్సుమియ. మూడింటినీ కలుపుతూ గీత గీస్తే అది కొరియా వైపు సాగుతుంది. పాతకాలం ఓడలు పోయిన దారుల్లో అదొకటి.

ముగ్గురు దేవతలూ అక్కచెల్లెళ్లు. 712 నాటి కొజికి, 720 నాటి నిహోన్ షోకి గ్రంథాలు వాళ్ల పుట్టుక చెబుతాయి. సూర్యదేవత అమతెరాసు తన తమ్ముడు సుసనోవో కత్తిని మూడు ముక్కలు చేసి, ‘అమె నో మనాయి’ అనే దివ్యమైన బావి నీటిలో కడిగి, నమిలి ఊదింది. ఆ ఆవిరిలోంచి పుట్టినవాళ్లు తగోరిహిమె, తగిత్సుహిమె, ఇచికిషిమహిమె. వరుసగా ఓకిత్సుమియ, నకత్సుమియ, హెత్సుమియలలో కొలువున్నారు. వీళ్లకు ‘మిచినుషి నో ముచి’ అనే బిరుదు ఉంది. దారులకు అధిదేవతలని భావం. ఓడల దారితో మొదలైన నమ్మకం రోడ్డు దాకా వచ్చి, ఇప్పుడు జపాన్‌లో కారు కొన్నవాళ్లు ఈ గుడికి బండి తోలుకొస్తారు.

ఇచికిషిమహిమెను మధ్యయుగాల్లో బెన్‌జైతెన్‌తో ఒకటిగా చూశారు. బెన్‌జైతెన్ అంటే బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతే. జపాన్‌లో ఆ తల్లి గుళ్లు చెరువు గట్టునో సముద్రం ఒడ్డునో ఉండటం చూసి మనవాళ్లు వింత పడతారు కానీ, వేదాల్లో సరస్వతి మొదట నదే కదా.

బయలుదేరే ముందు

ఈ యాత్ర ఒడ్డు నుంచి లోపలికి జరగాలి: హెత్సుమియ, తర్వాత నకత్సుమియ, చివర ఓకిత్సుమియను దూరం నుంచి చూసే చోటు. ఫుకువోకా నుంచి పొద్దున బయలుదేరి ఒక్కరోజులో అన్నీ చుట్టేసి వచ్చేవాళ్లు చాలామంది. అలా వెళ్తే ఒషిమా చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఒకినోషిమా వాయవ్యంగా ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత ఎండ మనకు ఎదురుగా వచ్చి, నీటి మెరుపులో దీవి కలిసిపోతుంది. పొద్దున పూట సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు, వెలుగు నేరుగా దీవి మీద పడుతుంది. అందుకే ఒషిమాలో ఒక రాత్రి ఉండి తీరాలి.

అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. వేసవిలో ఆవిరి మసక, వసంతంలో ఖండం నుంచి గాలికి కొట్టుకొచ్చే పసుపు ధూళి, రెండూ దూరపు చూపును మింగేస్తాయి. చలికాలంలో గాలి తేటగానే ఉంటుంది కానీ గెంకై అలలు పెద్దవి, పడవలు రద్దవుతుంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాన్ల బెడద. ఏ నెలలో వెళ్లినా చివర ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఒషిమా నుంచి తిరిగొచ్చే రోజు సాయంత్రానికే విమానం టికెట్టు కొనడం ఈ యాత్రలో జనం చేసే అతిపెద్ద పొరపాటు.

సోమవారాలు మ్యూజియాలు మూసి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మంగళవారం మొదలుపెట్టడం నయం. నగదు ఉంచుకోండి. దీవిలో కార్డులు అన్నిచోట్లా చెల్లవు. ఒషిమాలో బస అంటే మిన్షుకులు, అంటే ఇంటివాళ్లే నడిపే చిన్న సత్రాలు. ముందుగా ఫోన్ చేసి గది చెప్పుకోవాలి. జపనీస్ రాకపోతే ఫుకువోకాలో దిగిన హోటల్‌ వాళ్లచేత చేయించండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. చేపలు తీయించేసినంత మాత్రాన సరిపోదు. సూప్‌లో, ఉడికించిన కూరల్లో, సాస్‌లో ‘దాషి’ అనే చేపల కషాయం ఉంటుంది. ‘చేప వద్దు’ అంటే ముక్కలు తీసేస్తారు గానీ కషాయం మారదు. ‘దాషి కూడా వద్దు’ అని విడిగా చెప్పాలి. అప్పటికప్పుడు వాళ్లు వేరే వండలేరు. ఫుకువోకాలోని హకత స్టేషన్‌లోనే ఉమెబోషి అనే ఊరగాయ పండు పెట్టిన ఒనిగిరి అన్నం ముద్దలు, అరటిపళ్లు, వేయించిన పప్పులు రెండు రోజులకు సరిపడా కొనుక్కోండి. దీవిలో హోటళ్లు కొద్దిగా ఉన్నాయి, అవీ ఎక్కువగా మధ్యాహ్నం పూటే.

మొదటి రోజు: హెత్సుమియ

హకత స్టేషన్‌లో కగోషిమా మెయిన్ లైన్ మీద కొకుర, మోజికో వైపు వెళ్లే ర్యాపిడ్ రైలు ఎక్కితే అరగంట చిల్లరలో తోగో వస్తుంది. అక్కడ ‘మునకత తైషా గుచి’ అని రాసిన ద్వారం వైపు దిగాలి. రెండో వైపు దిగితే బస్సు దొరకదు. కోనోమినాతో రేవుకు పోయే నిషితెత్సు బస్సు ఎక్కితే సుమారు 12 నిమిషాల్లో గుడి. బస్సులు గంటకు ఒకటీ రెండే. దిగగానే తిరుగు బస్సు వేళల పలకను ఫోటో తీసి పెట్టుకోండి.

గుడికి రోడ్డు అవతల ‘ఉమి నో మిచి మునకత కన్’ అనే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. ముందు అక్కడికి వెళ్లండి. ఒకినోషిమా లోపల ఏముందో తెరమీద చూపిస్తారు. పాతకాలపు పూజలు జరిగిన ఆ దీవి బండలను మామూలు యాత్రికులు చూసే వీలు అక్కడే. అది చూసి గుడికి వెళ్తే ప్రతిదీ అర్థమవుతుంది.

తోరణంలాంటి ‘తోరీ’ దగ్గర ఆగి కొద్దిగా తలవంచి లోపలికి నడవాలి. దారి నడిమధ్య దేవతలది, మనం పక్కగా నడవాలి. మనవాళ్లు ఇక్కడ తడబడేది చెప్పుల దగ్గర. ఆవరణలో చెప్పులు విప్పక్కర్లేదు, విప్పే చోటూ ఉండదు. పూజ చేయించుకోవడానికి మండపం లోపలికి పిలిచినప్పుడే విప్పాలి.

నీళ్ల తొట్టి దగ్గర గరిటెను కుడిచేత్తో తీసుకుని ఎడమచేయి కడగాలి. చేయి మార్చి కుడిచేయి కడగాలి. మళ్లీ కుడిచేత్తో పట్టుకుని ఎడమ దోసిట్లో పోసుకున్న నీళ్లతో నోరు పుక్కిలించి పక్కకు ఊసేయాలి. గరిటెకు నోరు తగలకూడదు. ఎడమచేయి ఇంకోసారి కడిగి, మిగిలిన నీళ్లు గరిటె పిడి మీదుగా జారేలా నిలువుగా ఎత్తి బోర్లా పెట్టాలి. అంతా ఒక్క గరిటెడు నీళ్లతోనే జరగాలి. ఇది తీర్థం కాదు, మింగకూడదు. గరిటెలు తీసేసి ధార పెట్టిన చోట నేరుగా చేతులు కడుక్కుంటే చాలు.

మండపం ముందు నాణెం పెట్టెలో వేసి, నడుం వంచి రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు, మనసులో మొక్కు, చివర ఒక నమస్కారం. 5 యెన్ల నాణెం వేయడం వాడుక. దాని పేరు ‘గో ఎన్’, అనుబంధం అనే మాట కూడా అలాగే పలుకుతుంది. గర్భగుడి తలుపులు తెరవరు, విగ్రహం కనబడదు, కొబ్బరికాయ కొట్టే పద్ధతి లేదు. దర్శనం కాలేదని మనవాళ్లకు వెలితిగా ఉంటుంది. తలుపు మూసి ఉండటమే ఇక్కడి పద్ధతి. ఈ యాత్ర ఆఖరు మెట్టుదాకా అలాగే ఉంటుంది.

పాత గుడి 1557లో కాలిపోయింది. ఇప్పుడున్న గర్భగుడిని మునకత వంశపు ఆఖరి ప్రధానార్చకుడు ఉజిసద 1578లో కట్టించాడు. ముందున్న మండపాన్ని అప్పటి సామంత ప్రభువు కొబయకవ తకకగె 1590లో కట్టించాడు. పైకప్పు ముందు వైపు కిందికి జాలువారినట్టు సాగుతుంది, దాన్ని పల్చటి చెక్క పెంకులతో పొరలు పొరలుగా కప్పారు. ఎదురుగా నిలబడితే ఆ వంపు తెలియదు. పక్కకు వెళ్లి చూడాలి.

ఆవరణలో ఇంకో రెండు గుళ్లున్నాయి, తెయినిగూ, తెయిసన్‌గూ. మిగిలిన ఇద్దరు దేవతలను ఇక్కడ కొలుస్తారు. దీవికి వెళ్లలేనివాళ్లు ముగ్గురికీ ఇక్కడే మొక్కు తీర్చుకోవచ్చు. సూర్యదేవత అమతెరాసు కొలువున్న ఇసె మహాలయాన్ని 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు, పాత కలప ఇతర గుళ్లకు పంచుతారు. 1973 పునర్నిర్మాణంలో విప్పిన కలపతో ఈ రెండూ 1975లో నిలబడ్డాయి.

అక్కడి నుంచి అడవిలో రాతిమెట్లు ఎక్కితే 10 నిమిషాల్లో తకమియా. చాలామంది ప్రధాన గుడి దగ్గరే వెనుదిరుగుతారు, మా లెక్కలో హెత్సుమియకు ప్రాణం ఇదే. గుడి లేదు, కప్పు లేదు. చెట్ల మధ్య రాళ్లు పరిచిన చదరపు వేదిక, అంతే. జపాన్ సంప్రదాయ మతమైన షింతోలో గుడి కట్టడం అనేది తర్వాత వచ్చింది. మొదట దేవత దిగే చెట్టూ బండే ఉండేవి, అక్కడే పూజ. ఆ పాత పద్ధతిని నేటికీ నిలుపుకున్న చోట్లు జపాన్‌లో చాలా తక్కువ. వేదిక ముందున్న అడ్డు దాటకూడదు. అక్టోబరు 3 సాయంత్రం శరదుత్సవం ముగింపు పూజ ఇక్కడే జరుగుతుంది.

మెట్లు దిగి నేరుగా షింపోకన్‌కు, అంటే గుడి నిధులుంచిన భవనానికి వెళ్లాలి. సాయంత్రం 4 లోపే లోపలికి చేరండి, కనీసం గంటన్నర ఉంచుకోండి.

ఒకినోషిమాలో 4వ శతాబ్దం చివర నుంచి 9వ శతాబ్దం చివర దాకా, సుమారు 500 ఏళ్లు, పెద్ద ఎత్తున పూజలు జరిగాయి. సముద్రం దాటి కొరియాకు, చైనాకు పోయే ఓడల క్షేమం కోసం జపాన్ ప్రాచీన రాజ్యమైన యమతో అర్పించిన వస్తువులు అక్కడ ఉండిపోయాయి. దీవి నుంచి ఏమీ తేకూడదన్న నియమం వల్లే అవి పెట్టిన చోట పెట్టినట్టు 1,000 ఏళ్లు దాటినా మిగిలాయి. 1954 నుంచి 1971 వరకు మూడు విడతల్లో తవ్వకాలు జరిగాయి. దొరికిన దాదాపు 80,000 వస్తువులకూ జాతీయ సంపద హోదా ఉంది.

వస్తువులను వట్టి అందం కోసం కాక పూజ పద్ధతి మారిన వరుసలో చూడండి. మొదటి దశలో బండల నెత్తిన పెట్టారు: కంచు అద్దాలు, కత్తులు, పూసలు. సమాధుల్లో దొరికే వస్తువులూ ఇవే. 5వ శతాబ్దం చివర నుంచి బండల నీడలోకి మారారు. కొరియాలోని సిల్లా రాజ్యపు రీతిలో ఉన్న బంగారు ఉంగరం, గుర్రపు అలంకారాలు, పర్షియా నుంచి వచ్చిన చెక్కుడు గాజు గిన్నె ముక్క ఈ దశవి. మూడో దశలో సగం నీడ, సగం ఆరుబయట. చైనా పనితనపు బంగారు పూత డ్రాగన్ తలల జత అప్పటిది. నాలుగో దశ పూర్తిగా ఆరుబయట. విదేశీ సొగసులు తగ్గి, మెత్తటి రాతితో చెక్కిన బుల్లి పడవలు, మనుషులు, గుర్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. మృతుల కోసం చేసే కర్మ, దేవతల కోసం చేసే పూజ వేరుపడిన క్రమం ఈ అద్దాల పెట్టెల్లో ఉంది. అరచేతిలో పట్టే ఆ రాతి పడవల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. మన తీరంలో గంగమ్మకు మొక్కి పడవ దించే ఊళ్లవాళ్లకు వాటి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ తవ్వకాల వెనుకా, గుడి పునరుద్ధరణ వెనుకా నిలబడినవాడు ఇదెమిత్సు సాజో, ఇదెమిత్సు చమురు సంస్థ స్థాపకుడు, ఈ మునకత బిడ్డే. దాతగా తన పేరు ఆవరణలో చెక్కించుకోవడానికి ఒప్పుకోలేదు.

కారులో వచ్చినవాళ్లు బండికి పూజ చేయించుకోవచ్చు. కార్యాలయంలో చీటీ రాసి దక్షిణ కడితే వేళ చెబుతారు. పూజారి తెల్ల కాగితపు కుచ్చులున్న కర్రను బండి మీద ఊపుతాడు. నిమ్మకాయలు తొక్కించడం, పసుపు కుంకుమ బొట్లు ఉండవు, కానీ ఆ భక్తి మాత్రం మన వాహన పూజదే. కారులో పెట్టుకునే ప్రత్యేక రక్షను జపాన్‌లో మొదట 1963లో ఇచ్చింది తామేనని ఈ గుడివాళ్లు చెబుతారు. రక్ష సంచీని విప్పి లోపల చూడకూడదు. ఏడాది తర్వాత తెచ్చి పాత రక్షల పెట్టెలో వేయాలి, చెత్తలో పారేయకూడదు.

రాత్రికి కోనోమినాతోలో గానీ తోగోలో గానీ బస.

రెండో రోజు: ఒషిమా, నకత్సుమియ

కోనోమినాతో రేవు నుంచి ఒషిమాకు రోజుకు ఏడు సార్లు పడవలు. కార్లు ఎక్కే పెద్ద ఫెర్రీకి 25 నిమిషాలు, చిన్న పడవకు 15. మొదటి పడవ గానీ రెండోది గానీ పట్టుకోండి. ఇదే రేవు నుంచి జినోషిమా అనే వేరే దీవికీ పడవ పోతుంది. ఎక్కేముందు ‘ఒషిమా’ అని ఒకసారి అడగండి. వికారం పెట్టేవాళ్లు కింది గదిలో, పడవ వెనక భాగంలో కూర్చుంటే ఊపు తక్కువ.

అక్టోబరు 1న ఈ నీళ్ల మీద ‘మిఅరె’ ఉత్సవం. సెప్టెంబరులోనే అక్కగారిని ఒకినోషిమా నుంచి ఒషిమాకు తెస్తారు. ఆ రోజు పొద్దున ఇద్దరు దేవతలూ పల్లకీలలో పడవలెక్కి కోనోమినాతోకు వస్తారు. ఒడ్డున మూడో ఆమె ఎదురొస్తుంది. వెంట మునకత రేవుల చేపల పడవలు వందకు పైగా, జెండాలతో, గుంపుగా. 1962లో తిరిగి మొదలుపెట్టిన ఉత్సవమిది. అది చూడాలంటే ముందు రోజు రాత్రికే ఒషిమాలోనో కోనోమినాతోలోనో ఉండాలి, గదులు చాలా ముందే నిండిపోతాయి.

ఒషిమా చుట్టుకొలత సుమారు 15 కిలోమీటర్లు. రేవు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. దీవి కొండగుట్టల మయం కాబట్టి బ్యాటరీ సాయం ఉన్నదే తీసుకోండి. దీవి బస్సును నమ్ముకుని పథకం వేసుకోవద్దు, అన్ని రోజులూ తిరగదు.

నకత్సుమియ రేవు నుంచి కొద్ది నిమిషాల నడక. తోరీ దాటి రాతిమెట్లు ఎక్కితే 17వ శతాబ్దపు చిన్న గర్భగుడి. పక్కనే సన్నటి వాగు, పేరు ‘అమనోగవ’. మన మాటల్లో సరిగ్గా ఆకాశగంగ. వాగుకు ఇటూ అటూ రెండు బుల్లి గుళ్లు, ఒకటి నేతగత్తెది, ఇంకొకటి పశువుల కాపరిది. ఏడాదికి ఒక్క రాత్రి పాలపుంత దాటి కలుసుకునే ఆ జంట నక్షత్రాలు మనకు అభిజిత్తు, శ్రవణం. జపాన్‌లో తనబతా పండుగ పుట్టిల్లు ఇదేనని ఒషిమా వాళ్లు చెప్పుకుంటారు. ఇక్కడ ఆగస్టు 7న జరుపుతారు. గుడి పక్క నుంచి కిందికి దిగితే ఒక ఊట, దాని పేరు ‘అమె నో మనాయి’. కత్తిని కడిగిన కథలోని బావి పేరే. తాగాలనుకుంటే సీసాలో పట్టుకెళ్లి కాచుకోండి.

గుడి వెనక నుంచి మితకె కొండకు కాలిబాట. ఎత్తు 224 మీటర్లే అయినా దుంగల మెట్లు నిటారుగా ఉంటాయి. 40 నిమిషాల నుంచి గంట. వాన పడితే ఆకులు జారతాయి, చెప్పులతో ఎక్కవద్దు. పైన మితకె గుడి, పక్కన చూపుమండపం. 7వ శతాబ్దం చివర నుంచి 9వ శతాబ్దం దాకా ఈ శిఖరం మీదా ఆరుబయట పూజలు జరిగాయి. తవ్వితే ఒకినోషిమాలో దొరికినలాంటి వస్తువులే దొరికాయి.

ఈ శిఖరం మీదే ఎందుకని లెక్క వేస్తే ఒక సంగతి తేలుతుంది. భూమి గుండ్రం కాబట్టి దూరంలోని దీవి అడుగు భాగం నీటి అంచు కింద దాగిపోతుంది. 224 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే నీటి అంచు సుమారు 53 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఒకినోషిమా 48 కిలోమీటర్లే. అంటే ఇక్కడి నుంచి దీవి మొత్తం, నీళ్లను తాకే చోటు దాకా, చూపుకు అందుతుంది. అదే తీరంలో 20 మీటర్ల ఎత్తున నిలబడితే నీటి అంచు 16 కిలోమీటర్లకే ముగుస్తుంది, దీవిలో కింది 80 మీటర్లు మునిగిపోయినట్టు కనబడదు. పూర్తిగా చూడాలంటే కొండ ఎక్కాలి.

చూపు ఎటు నిలపాలో ముందే తెలుసుకోండి. దిక్సూచితో వాయవ్యం పట్టి, చేయి బారుగా చాచి చిటికెన వేలు నిలబెట్టండి. ఆ వేలు వెడల్పంత ఉంటుంది దీవి. పెద్దగా ఊహించుకుని వెతికేవాళ్లు దాన్ని మబ్బు తునక అనుకుని వదిలేస్తారు. 8 రెట్ల బైనాక్యులర్ చాలు. ఇంకా పెద్దవి చేతిలో వణుకుతాయి.

కొండ దిగి ఉత్తర తీరానికి వెళ్తే పాత సైన్యపు ఫిరంగి స్థావరం శిథిలాలు, గాలిమర, పచ్చిక మైదానం. అక్కడి నుంచి తీరం వెంట దూరపు మొక్కుల గుడి మీదుగా రేవుకు చేరే కాలిబాటకు ‘క్యూషూ ఓలె’ అనే నడక దారుల గుర్తులు కట్టి ఉంటాయి. మొత్తం 11.4 కిలోమీటర్లు, 4 నుంచి 5 గంటలు. నీళ్లు రేవులోనే నింపుకోండి, దారిలో దుకాణాలుండవు. మొక్కుల గుడి దగ్గర మాత్రం ఈ రోజు ఆగకుండా సాగిపోండి.

మూడో రోజు: ఓకిత్సుమియ యోహైషో

‘యోహైషో’ అంటే దూరం నుంచి మొక్కే చోటు. రేవు నుంచి దీవిని అడ్డంగా దాటుతూ ఉత్తర తీరానికి అరగంట నడక. తెల్లవారేసరికి అక్కడ ఉండేలా బయలుదేరండి. సత్రంవాళ్లకు రాత్రే చెప్పి పెట్టండి, చెప్పులు గడప దగ్గర పెడతారు. చేతిలో టార్చి ఉండాలి.

సముద్రానికి ఎదురుగా చిన్న గట్టు, తోరీ, మెట్లు, పైన 1933లో కట్టిన చిన్న గుడి. అక్కడున్న రాతిపలక మీద 1750వ సంవత్సరం చెక్కి ఉంది. అంటే ఇక్కడ నిలబడి మొక్కడం కనీసం అప్పటినుంచీ ఉందన్నమాట. గుడి తలుపులు ఉత్సవాల వేళే తెరుస్తారు. ఈ గుడి వెనక గర్భాలయం లేదు, సముద్రం ఉంది, దాని చివర దీవి ఉంది. దీవే గర్భాలయం.

పద్ధతి మామూలే: నాణెం, రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు, ఒక నమస్కారం. దీవి కనబడినా, మసకలో దాగినా మొక్కు మొక్కే. ఇక్కడి భక్తులు కనబడలేదని తిరిగి రావడం ఉండదు. చూడాలన్న ఆశ ఉన్నవాళ్లు సూర్యుడు పైకొచ్చాక గంటసేపు ఆగండి. వాన వెలిసి ఉత్తరపు గాలి తిరిగిన మరునాడు పొద్దున అవకాశం ఎక్కువ, గాలిలోని ధూళి కడిగేసి ఉంటుంది. ముందు రోజు కొండ మీద కనబడిన దీవి ఇక్కడ పొట్టిగా, పై భాగం మాత్రమే తేలుతూ ఉంటుంది. రెండు చోట్ల నుంచీ చూసినవాళ్లకు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో చుక్కలా వస్తుంది, 300 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే ఆకారం తెలుస్తుంది. ముందు దండం పెట్టి, కెమెరా తర్వాత తీయండి.

తిరిగి రేవుకు వచ్చి, మధ్యాహ్నం లోపు పడవ ఎక్కండి. అలలు పెరిగే సూచన ఉంటే మొదటి పడవకే వచ్చేయండి. పెద్ద ఫెర్రీ పోతోంది కదా అని ఆగితే తర్వాత అదీ ఆగిపోవచ్చు.

ఒడ్డుకు చేరాక ఒకే ఒక్క చోటు మిగిలింది, ఫుకుత్సు పట్టణంలోని షింబరు నుయమ సమాధుల దిబ్బలు. కోనోమినాతో నుంచి టాక్సీలో 20 నిమిషాలు. 5, 6 శతాబ్దాల్లో ఈ సముద్రపు దారులను ఏలిన మునకత వంశంవాళ్ల సమాధులివి, మొత్తం 41. ఒకినోషిమా పూజలు నడిపించినవాళ్లు వీళ్లే. గడ్డి మొలిచిన మట్టి గుట్టల్లా ఉంటాయి కాబట్టి బోర్డు చూసి గానీ గుర్తుపట్టలేం. అన్నిటికన్నా పెద్దది తాళంచెవి రంధ్రం ఆకారంలో 80 మీటర్ల పొడవు. కింద కనిపిస్తున్న వరిమళ్లు ఆ రోజుల్లో లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం, పడవలు ఈ గుట్టల కిందే ఆగేవి. దిబ్బల మీదికి ఎక్కవద్దు, గుర్తు పెట్టిన బాట మీదే నడవండి. పశ్చిమాన సముద్రం, తేట రోజున ఒషిమా కొండ కనిపిస్తాయి.

ఇక్కడ టాక్సీలు తిరగవు. వచ్చిన టాక్సీనే ఆపి ఉంచి, అదే బండిలో ఫుకుమా స్టేషన్‌కు వెళ్లిపోండి. అక్కడి నుంచి హకతకు ర్యాపిడ్ రైలు అరగంట లోపే.